చేప తోలు, చెట్టు బెరడు, ఏటి ఒండ్రు: ఒక బంధానికి రూపు కట్టడం ఎలా?

అలాస్కా నైరుతి భాగంలో హాన్సెన్ క్రీక్ అనే చిన్న వాగు ఉంది. దాని పొడవు సుమారు రెండు కిలోమీటర్లు. చాలాచోట్ల మోకాలి లోతు నీళ్లు కూడా ఉండవు. ఏటా వేసవిలో సాకై సాల్మన్ చేపలు ఆ వాగులోకి ఎదురీది వచ్చి, గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన టామ్ క్విన్ బృందం ఆ చచ్చిన చేపలను లెక్కపెట్టేది. ఒకసారి లెక్కలోకి వచ్చిన చేప మరునాడు మళ్లీ లెక్కలోకి రాకుండా ఉండేందుకు, లెక్క పూర్తయిన ప్రతి చేపనూ ఒకే గట్టు మీదకు విసిరేసేవారు. అలా 20 ఏళ్లలో రెండు లక్షలకు పైగా చేపలు, బరువులో చూస్తే 2,60,000 కిలోలకు మించిన మాంసం, ఎముకలు ఆ ఒక్క గట్టుకే దక్కాయి. ఆ తరువాత రెండు గట్ల మీది తెల్ల స్ప్రూస్ చెట్ల సూదుల వంటి ఆకులనూ, కాండాల్లోని వలయాలనూ పోల్చి చూసినప్పుడు, చేపలు పడిన వైపు చెట్లు అవతలి గట్టు చెట్లకంటే పెరుగుదలలో పుంజుకున్నట్లు తేలింది. ఆ ఫలితాలు 2018లో అచ్చయ్యాయి.

ఈ ప్రయోగాన్ని బొమ్మగా వేయమంటే ఏం వేస్తాం? చాలామందికి వెంటనే తోచేది ఒకటే: ముందు భాగంలో వాగు, నీటి మీదకు ఎగిరిన చేప, దాని కోసం పంజా చాచిన ఎలుగుబంటి, వెనక పచ్చని చెట్ల వరుస. బొమ్మ అందంగానే ఉంటుంది. అయితే అందులో చేప, చెట్టు, నీరు ఇరుగుపొరుగువారిలా పక్కపక్కన నిలబడి ఉంటాయే తప్ప, ఒకదాని ఒళ్లు మరొకదాని ఒంట్లోకి వెళ్లిందన్న సంగతి ఎక్కడా తెలియదు. హాన్సెన్ క్రీక్‌లో జరిగింది పొరుగుదనం కాదు, పదార్థం చేతులు మారడం. నదులు, చేపలు, అడవుల మధ్య సంబంధాలను విషయంగా తీసుకున్న కళాకారుల్లో ఎక్కువమంది కాన్వాసు, రంగులతో సరిపెట్టుకోక మిశ్రమ మాధ్యమాన్ని, అంటే మిక్స్‌డ్ మీడియాను, ఎందుకు ఆశ్రయిస్తున్నారో అర్థం కావాలంటే ముందు ఆ చేతులు మారడం ఎలా జరుగుతుందో కొంత వివరంగా చూడాలి.

పసిఫిక్ సాల్మన్ జాతులు మంచినీటి వాగుల్లో పుడతాయి, సముద్రానికి వెళ్లి పెరుగుతాయి, ఆఖరికి పుట్టిన వాగుకే తిరిగివస్తాయి. పెద్ద చేప బరువులో 95 శాతానికి పైగా సముద్రంలో తిన్న తిండి నుంచి వచ్చినదే. కాబట్టి అది వాగులోకి ఎదురీదడమంటే, సముద్రపు నత్రజని, భాస్వరం మూటగట్టుకుని పల్లం నుంచి మిట్టకు రావడమన్నమాట. నీరు తనంతట తాను ఏనాడూ చేయలేని పని అది. ఏటి దారిలో పోషకాలన్నీ కిందికి కొట్టుకుపోతుంటే, చేప ఒక్కటే వాటిని పైకి మోసుకొస్తుంది. వాగులో చేప దొరకగానే ఎలుగుబంట్లు దాన్ని నోట కరుచుకుని చెట్ల మధ్యకు వెళ్లి తింటాయి; చేపలు సమృద్ధిగా ఉన్న రోజుల్లో మెదడు, గుడ్ల వంటి కొవ్వు భాగాలు మాత్రమే తిని మిగతాది వదిలేస్తాయి. ఆ మిగులు మీద ఈగలు, పక్షులు, చిన్న జంతువులు, బూజులు పనిచేస్తాయి. కొన్ని వారాల్లో అక్కడ చేప ఉండదు, మట్టి మాత్రం మారి ఉంటుంది.

ఈ మార్పు కంటికి కనిపించదు గనుక శాస్త్రవేత్తలు ఒక ఆనవాలును పట్టుకున్నారు. గాలిలోని నత్రజనిలో బరువైన రకం, నత్రజని-15, సుమారు 0.37 శాతం మాత్రమే ఉంటుంది. సముద్రపు ఆహార గొలుసులో పైకి పోయేకొద్దీ ఆ పాలు కొద్దికొద్దిగా పెరుగుతుంది. అందువల్ల సాల్మన్ ఒంట్లో అది ఎక్కువ. వాగు ఒడ్డున ఉన్న ఆకులోనో, చెట్టు వలయంలోనో ఆ ఎక్కువదనం కనిపిస్తే, అది చేప ద్వారా వచ్చి ఉంటుందని ఊహించవచ్చు. కెనడా పశ్చిమ తీరంలోని హైదా గ్వాయ్ దీవుల్లో టామ్ రైమ్‌షెన్ 1990లలో ఎలుగుబంట్ల వెంట తిరిగి చేసిన పరిశీలనలు ఈ విషయానికి ప్రాచుర్యం తెచ్చాయి. ఆగ్నేయ అలాస్కా వాగుల మీద హెల్ఫీల్డ్, నైమన్ 2001లో ప్రచురించిన అధ్యయనం ఒడ్డున ఉన్న చెట్లు, పొదల ఆకుల్లోని నత్రజనిలో 22 నుంచి 24 శాతం సాల్మన్ నుంచి వచ్చిందని అంచనా వేసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే కళాప్రదర్శనల పరిచయ పత్రాల్లో దీన్ని తరచుగా పక్కన పెట్టేస్తారు. నత్రజని-15 మట్టిలో జరిగే ఇతర చర్యల వల్ల కూడా పెరగగలదు. తడి నేలల్లో సూక్ష్మజీవులు తేలిక రకాన్ని గాలిలోకి వదిలేస్తే బరువైనది మిగిలిపోతుంది. అందుకే పరిశోధకులు జలపాతానికి దిగువన, చేప రాగలిగిన చోటును, ఎగువన చేప రాలేని చోటుతో పోల్చి చూస్తారు. “ఈ చెట్టు చేపతో తయారైంది” అనే వాక్యం గోడ మీద రాసుకోవడానికి బాగుంటుంది గాని, చెట్టుకు చేప ఇచ్చినది ఒక పాలు మాత్రమే. ఆ పాలు వాగును బట్టి, ఏడాదిని బట్టి, ఒడ్డు నుంచి దూరాన్ని బట్టి మారిపోతుంది. అతిశయం అక్కర్లేకుండానే ఇది అబ్బురమైన విషయం.

రెండో దిక్కున అడవి కూడా ఊరికే తీసుకుని కూర్చోదు. ఒడ్డున ఉన్న చెట్ల నీడ వల్ల వాగు నీరు చల్లగా ఉంటుంది, చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా నిలుస్తుంది, సాల్మన్ గుడ్లకు అదే కావాలి. వేళ్లు గట్టును పట్టి ఉంచుతాయి కాబట్టి సన్నని మట్టి వచ్చి గులకరాళ్ల మధ్య సందులను పూడ్చదు. రాలిన ఆకులను నీటి పురుగులు తింటాయి, ఆ పురుగులను పిల్ల చేపలు తింటాయి. అన్నిటికంటే ముఖ్యమైనది పడిపోయిన చెట్టు. పెద్ద దుంగ వాగుకు అడ్డం పడితే నీరు దాని కిందుగా తవ్వుకుంటూ లోతైన మడుగు చేస్తుంది, వెనక గులకరాళ్లు పేరుకుంటాయి. మడుగులో పిల్ల చేపలు దాక్కుంటాయి, గులకల్లో తల్లి చేప గుడ్లు పెడుతుంది. ఒకప్పుడు దుంగలు ప్రవాహానికి అడ్డమని చెప్పి వాగులను శుభ్రం చేశారు. ఇప్పుడు అవే వాగుల్లోకి ఖర్చు పెట్టి మళ్లీ దుంగలను దించుతున్నారు.

ఈ రెండు రాకపోకలూ ఒకే గోడ దగ్గర ఆగిపోగలవని వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎల్వా నది చూపించింది. 1913 నాటికి ఒక ఆనకట్ట, 1927లో మరొకటి పూర్తయ్యాక, సముద్రం నుంచి సుమారు ఎనిమిది కిలోమీటర్ల దగ్గరే చేపల దారి మూసుకుపోయింది. ఆగింది చేప ఒక్కటే కాదు. పై నుంచి రావలసిన ఒండ్రు, గులక, దుంగలు కూడా జలాశయాల్లోనే ఉండిపోయాయి. రెండింటిలో కలిపి దాదాపు రెండు కోట్ల ఘనపు మీటర్ల మేట పేరుకుంది. దిగువన నది అడుగు బండబారింది, సముద్ర తీరం కోసుకుపోయింది. ఆ నదీ తీరపు లోయర్ ఎల్వా క్లల్లమ్ తెగ దశాబ్దాల పాటు పట్టుబట్టగా, 2011 నుంచి 2014 మధ్య రెండు ఆనకట్టలనూ కూల్చివేశారు. ఒండ్రు కిందికి, చేప పైకి మళ్లీ బయలుదేరాయి.

మిశ్రమ మాధ్యమం అనే మాటను ఇప్పుడు ఈ నేపథ్యంలో చూద్దాం. ఒకే కృతిలో ఒకటికి మించిన పదార్థాలను, పద్ధతులను కలపడం దాని సాదా అర్థం. ఆధునిక కళలో దీని మొదలును చాలామంది 1912లో పికాసో నూనె బట్ట ముక్కను, తాడును చిత్రానికి అతికించిన సందర్భంతో ముడిపెడతారు. ఆనాడు ఆ తాడు తాడు బొమ్మ కాదు, తాడే. ఆ ఒక్క తేడాయే మన విషయానికి ముఖ్యం. రంగుతో వేసిన చేప చేపను గుర్తు చేస్తుంది; చేప తోలు ముక్క ఆ పని చేయడంతో ఆగదు, అది ఒకానొక నదిలో, ఒకానొక కాలంలో ఈదిన ఒకానొక చేపకు చెందినది. పదార్థాలు ఎలా కలుస్తాయి, ఎలా ఒకదాన్నొకటి మారుస్తాయి అన్నదే అసలు విషయమైనప్పుడు, పదార్థాలు కలిసే తీరునే చూపగల మాధ్యమం దానికి సహజంగా నప్పుతుంది. నా దృష్టిలో ఇలాంటి కృతిని కొలవడానికి ఒక పరీక్ష ఉంది: అందులోని ఒక పదార్థాన్ని తీసేస్తే మరొకటి నిలబడగలదా? నిలబడగలిగితే అవి ఇంకా ఇరుగుపొరుగే.

పదార్థం దాకా వెళ్లేముందు, స్పర్శతో ఆగే పద్ధతి ఒకటుంది. జపాన్‌లో పుట్టిన గ్యోతకు, అంటే చేప అచ్చు, దానికి మంచి ఉదాహరణ. షోనాయ్ ప్రాంతంలోని త్సురుఓకాలో 1839 నాటి అచ్చులు ఇప్పటికీ ఉన్నాయి. పట్టిన చేప పరిమాణాన్ని దాచి ఉంచుకోవడానికి మొదలైన అలవాటిది. జాలరి గొప్పలకు సాక్ష్యపత్రం అనుకోవచ్చు. చేపను ఉప్పుతో రుద్ది జిగట పోయేదాకా కడుగుతారు. మొప్పల్లో, కిందనున్న రంధ్రంలో కాగితం కుక్కుతారు, లేకపోతే తడి ఊరి అచ్చు చెడిపోతుంది. రెక్కలను విప్పి, వాటి కింద మట్టి ముద్దలు పెట్టి సూదులతో నిలబెడతారు. సిరాను కుంచెతో ముందు తల నుంచి తోకకు, ఆ తరువాత కొద్దిగా ఎదురు దిశలో పూస్తారు. అలా చేస్తేనే పొలుసుల అంచులు సిరాను పట్టుకుంటాయి. కంటి మీది సిరాను తుడిచేస్తారు. వాషి అనే పలుచని జపాన్ కాగితాన్ని పైన పరచి, వేళ్లతో మధ్య నుంచి అంచులకు ఒత్తుకుంటూ పోతారు. కాగితం లేపిన తరువాత కన్ను ఉన్నచోట తెల్లని ఖాళీ మిగులుతుంది, దాన్ని చేత్తో వేస్తారు. మరో పద్ధతిలో కాగితాన్నే చేపకు అంటించి, పట్టు గుడ్డ చుట్టిన దూది ఉండతో పై నుంచి రంగు అద్దుతారు. అందులో వివరం ఇంకా నిశితంగా వస్తుంది.

ఒక సాల్మన్‌ను ఈ పద్ధతిలో అచ్చు తీస్తే, చూసే కన్నుకు నది కూడా కనిపిస్తుంది. సముద్రంలో ఉన్నప్పటి చేప పొలుసులు విడివిడిగా, స్పష్టంగా పడతాయి. వాగులోకి వచ్చి గుడ్లు పెట్టే దశకు చేరిన చేప చర్మం మందమవుతుంది, పొలుసులు కొంతవరకు ఒంట్లోకే ఇంకిపోతాయి. అచ్చులో ఆ భాగం మసకగా వస్తుంది. మగ చేప దవడ కొక్కెంలా వంగి ఉంటుంది. ఆడ చేప తోకతో గులకరాళ్లను తవ్వి గూడు చేస్తుంది కాబట్టి, దాని తోక అంచు అరిగి, చీలికలై ఉంటుంది. కాగితం మీద ఆ చిరుగు తోకను చూసినప్పుడు, అది చేప బొమ్మ మాత్రమే కాదనీ, గులకరాళ్లు చేప మీద చేసిన అచ్చును మనం మరోసారి అచ్చు తీశామనీ అర్థమవుతుంది. వేసిన బొమ్మలో ఈ చిరుగును ఎవరూ ఊహించి వేయరు.

చెట్టు వైపు ఇలాంటిదే ఫ్రొటాజ్, అంటే గరుకు తలం మీద కాగితం పెట్టి పెన్సిలుతోనో బొగ్గుతోనో రుద్ది దాని గీతలను పైకి తేవడం. 1925లో మాక్స్ ఎర్న్‌స్ట్ చెక్క నేల మీద చేసిన ప్రయత్నాలతో దీనికి కళలో స్థానం దొరికింది. ఒకే కాగితం మీద సగం చేప అచ్చు, సగం దుంగ కోత అచ్చు వేయడం ఇప్పుడు చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ జత కుదరడానికి ఒక కారణం ఉంది. సాల్మన్ పొలుసును సూక్ష్మదర్శిని కింద పెడితే చెట్టు కాండంలో ఉన్నట్లే వలయాలు కనిపిస్తాయి. మంచినీటిలో ఉన్నప్పటి వలయాలు ఇరుకుగా, సముద్రంలో వేగంగా పెరిగినప్పటివి ఎడంగా ఉంటాయి. జీవశాస్త్రవేత్తలు వాటిని చదివి చేప వయసు చెబుతారు. పొలుసునూ కాండాన్నీ ఒకే పరిమాణానికి తెచ్చి పక్కపక్కన పెడితే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం.

ఇంత అందమైన పోలిక చేతికి అందినప్పుడు కళాకారుడు అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. వలయాలు ఒకేలా ఉండటానికీ, చేప నత్రజని చెట్టులోకి వెళ్లడానికీ సంబంధం లేదు. రెండూ కాలాన్ని బట్టి ఎదుగుదల మారే వస్తువులు గనుక రెండింటికీ వలయాలు వచ్చాయి, అంతే. పోలికను చూపించి బంధాన్ని చూపించామనుకోవడం ఈ రంగంలో నేను తరచుగా చూసే పొరపాటు. అసలు బంధాన్ని చూపాలంటే వలయాల పోలిక కంటే వాటి వెడల్పు మీద దృష్టి పెట్టాలి. ఒడ్డున ఉన్న చెట్ల వలయాల వెడల్పును బట్టి, పూర్వం ఏ ఏడాది ఎన్ని సాల్మన్ వచ్చి ఉంటాయో అంచనా వేయడానికి పరిశోధకులు ప్రయత్నించారు. అక్కడ వలయం ఆకారంగా మిగలలేదు, లెక్కల పుస్తకమైంది.

పదార్థం దగ్గరికి వస్తే, నది పక్కన బతికిన జాతులు ఈ కలయికను కళాశాలల కంటే ఎంతో ముందుగా చేసి చూపాయి. రష్యా తూర్పు కొసన పారే అముర్ నది తీరపు నానాయ్ ప్రజలు సాల్మన్ తదితర చేపల తోలుతో అంగీలు కుట్టుకునేవారు. జపాన్ ఉత్తర దీవి హొక్కైడోలోని ఐను ప్రజలు సాల్మన్ తోలుతో చెప్పులు చేసుకున్నప్పుడు, మంచు మీద జారకుండా వీపు రెక్క అరికాలి కిందకు వచ్చేలా కత్తిరించేవారు. అలాస్కాలోని పలు తెగలకూ ఈ విద్య తెలుసు, ఇప్పుడు అక్కడి కళాకారులు దీన్ని మళ్లీ నేర్చుకుని నేర్పిస్తున్నారు. పచ్చి చేప తోలు ఆరితే పెంకులా బిరుసెక్కుతుంది. నానాయ్ పద్ధతిలో దాన్ని చెక్క సుత్తితో గంటల తరబడి బాది మెత్తన చేస్తారు. మరో పద్ధతిలో విల్లో లేదా ఆల్డర్ చెట్టు బెరడును నీటిలో మరిగించి, చల్లార్చిన కషాయంలో తోలును రోజుల తరబడి నానబెడతారు; ఒకేసారి చిక్కని కషాయంలో వేస్తే పైభాగం బిగుసుకుపోయి లోపలికి మందు ఎక్కదు కాబట్టి, పలుచనిదానితో మొదలుపెట్టి రోజురోజుకూ చిక్కదనం పెంచుతారు.

ఆ గిన్నెలో జరిగేదాన్ని కాస్త దగ్గరగా చూడాలి. బెరడులోని టానిన్లు, అంటే వగరు పదార్థాలు, చేప తోలులోని కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులను పట్టుకుని వాటి మధ్య నీరు చేరకుండా నిలబడిపోతాయి. అప్పటి నుంచి ఆ తోలు కుళ్లదు. దాని రంగు ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది, పొలుసులు ఊడిన చోట మిగిలిన చిన్న చిన్న జేబుల వంటి మడతలు వరుసలుగా కనిపిస్తాయి. విల్లో, ఆల్డర్ రెండూ ఏటి ఒడ్డున పెరిగే చెట్లే. వాగు ఒడ్డు చెట్టుకు చేప నత్రజనిని ఇస్తే, ఆ ఒడ్డు చెట్టు బెరడు చేప తోలును నిలబెట్టింది. ఇప్పుడు ఇందులోంచి చెట్టును తీసేయండి, తోలు మిగలదు. నేను పైన చెప్పిన పరీక్షలో ఇంత నిక్కచ్చిగా నెగ్గే కృతులు చాలా తక్కువ, పైగా ఇది ఒక చెప్పుల జతకో, అంగీకో చేసిన పని.

చిత్రకారుడి బల్ల మీద ఉన్న మామూలు సరుకుల్లో కూడా ఈ బంధువులు దాగి ఉన్నారు. గీతలకు వాడే బొగ్గు విల్లో పుల్లలను గాలి చొరబడని డబ్బాలో పెట్టి కాల్చినది. కాగితం చెట్టు నారే. ప్రాచీన చిత్రాల మీద లేచిపోయిన రంగు పొరలను మళ్లీ అతికించడానికి సంరక్షకులు నేటికీ వాడే జిగురు స్టర్జన్ చేప గాలితిత్తి లోపలి పొరతో చేసినది. ఆ పొరను నీటిలో నానబెట్టి, మరగనివ్వకుండా గోరువెచ్చగా కరిగించి వడకడతారు. పలుచగా ఉండి గట్టిగా పడుతుంది, అవసరమైతే వెచ్చని తడితో మళ్లీ వదులవుతుంది. నది ఒండ్రును ఆరబెట్టి, నూరి, జల్లించి అదే జిగురుతో కలిపితే రంగు తయారవుతుంది. అంటే నది రంగుగా, చేప బంధకంగా, చెట్టు కాగితంగా ఉన్న బొమ్మ ఎవరికైనా సాధ్యమే. అందులో చేప ఆకారం ఒక్కటి కూడా వేయనక్కర్లేదు. చూసేవారికి ఆ సంగతి తెలిసేదెలా అన్న చిక్కు ఒకటి మాత్రం ఉంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ఈ చిక్కును ఇప్పటి కళాకారులు రకరకాలుగా ఎదుర్కొన్నారు. మార్క్ డియన్ 2006లో సియాటల్ శిల్పోద్యానంలో నెలకొల్పిన ‘నూకమ్ వివేరియం’లో 18 మీటర్ల పొడవున్న హెమ్‌లాక్ దుంగ పడుకుని ఉంటుంది. 1996లో అడవిలో కూలిన చెట్టది. అడవిలోనే ఉంటే దాని మీద నాచు, ఫెర్న్‌లు, పిల్ల చెట్లు మొలిచేవి. అక్కడివారు ఇలాంటివాటిని నర్స్ లాగ్ అంటారు, మన మాటల్లో దాది దుంగ అనుకోవచ్చు. నగరంలో దాన్ని బతికించడానికి ప్రత్యేకంగా గాజు ఇల్లు కట్టారు, అడవి నీడను పోలిన వెలుతురు కోసం గాజుకు పచ్చ రంగు ఇచ్చారు, తడి కోసం యంత్రాలు పెట్టారు. గోడ పలకల మీద ఆ దుంగ మీద బతికే జీవుల బొమ్మలున్నాయి, చూడటానికి భూతద్దాలు ఇస్తారు. అడవి జీతం లేకుండా చేసే పనిని నగరం ఎంత ఖర్చుతో, ఎంత అరకొరగా చేయగలదో ఆ గాజు ఇల్లే చెబుతోంది. ఆ దుంగ ఏ వాగులోనో పడి ఉంటే మడుగు చేసేదన్న ఆలోచన నన్ను వదలదు, అయితే అది కృతి లోపమని మాత్రం అనలేను.

బేసియా ఐర్లండ్ దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచారు. ఆమె నది నీటినే గడ్డకట్టించి, తెరిచిన పుస్తకం ఆకారంలో చెక్కి, అక్షరాల వరుసల్లా ఆ నదీ తీరపు మొక్కల విత్తనాలను అందులో పొదుగుతారు. 2007లో కొలరాడోలోని బౌల్డర్ క్రీక్‌లో ఇలాంటి మంచు పుస్తకాన్ని వదిలారు. ప్రవాహంలో మంచు కరుగుతుంది, విత్తనాలు ఒక్కొక్కటిగా రాలి దిగువ ఒడ్డులను చేరతాయి. ఏ విత్తనాలు వాడాలో వృక్షశాస్త్రజ్ఞులను, నదీ పరిశోధకులను అడిగి ఎంచుకుంటారు. ఇందులో నది నేపథ్యంగా ఉండదు, పుస్తకం చదివేది నదే. ప్రదర్శనశాలకు మిగిలేది ఫోటోలు మాత్రమే గనుక దీన్ని కొనడం, దాచడం ఎలాగన్న ప్రశ్న సంగ్రహాలయాలను ఇబ్బంది పెడుతుంది. బెట్సీ డేమన్ 1980లలో యూటాలోని ఎండిన ఏటి అడుగు మీద సుమారు 75 మీటర్ల మేర తడి కాగితపు గుజ్జు పరచి అచ్చు తీసినప్పుడు కూడా ఇలాగే, రాళ్ల ఆకారంతో పాటు ఇసుక, ఖనిజాల మరకలు కాగితానికి అంటుకుని వచ్చాయి. చెట్టు నారతో చేసిన గుజ్జు, లేని నీటికి అచ్చు అయింది.

కాలాన్ని చూపడంలో మాత్రం వీరందరికంటే కొలంబియాకు చెందిన ఆబెల్ రొద్రీగెజ్ ముందున్నారని నా అభిప్రాయం. నోనుయా తెగకు చెందిన ఆయనకు అమెజాన్ అడవి మొక్కల పేర్లు, వాడకాలు పెద్దల నుంచి అబ్బాయి. 1990లలో హింస వల్ల అడవి వదిలి బొగోటాకు చేరాక, జ్ఞాపకం ఆధారంగా సిరాతో, నీటి రంగులతో బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. వరద ముంచే అడవిని ఏడాది పొడవునా అనుసరిస్తూ ఆయన వేసిన వరుస చిత్రాల్లో చోటు ఒకటే, నీరు మాత్రం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. చెట్లు కాస్తాయి, జంతువులు వస్తాయి, పోతాయి, నీరు లేచినప్పుడు చేపలు చెట్ల మధ్యకు వస్తాయి. అది కల్పన కాదు. మధ్య అమెజాన్‌లో వరద కాలంలో నీటిమట్టం సుమారు పది మీటర్ల దాకా లేస్తుంది, తంబాకీ వంటి చేపలు అడవిలోకి ఈదుకుంటూ వెళ్లి రాలిన పళ్లను తింటాయి, మనిషి దవడపళ్లను పోలిన పళ్లతో గట్టి గింజలను కొరుకుతాయి, కొరకని గింజలను దూరాన విసర్జిస్తాయి. అక్కడ చేప చెట్టుకు ఎరువు కాదు, విత్తేవాడు. సాల్మన్ కథను పట్టుకుని ప్రపంచంలోని నదులన్నిటికీ అతికించే కళాకారులకు ఈ తేడా తెలియడం అవసరం. రొద్రీగెజ్ 2025లో కన్నుమూశారు.

పసిఫిక్ వాయవ్య తీరపు జాతుల శిల్పకళ గురించి కూడా ఒక మాట చెప్పాలి. కోడిగుడ్డు ఆకారాన్ని కాస్త నొక్కినట్లుండే అండరూపాలతో, ఉబ్బుతూ సన్నబడుతూ సాగే గీతలతో అల్లిన ఆ శైలిలో, జంతువుల కీళ్ల దగ్గర ఉండే అండరూపంలో తరచుగా ఒక చేప తల ఇమిడి ఉంటుంది. 1965లో ఈ శైలి వ్యాకరణాన్ని విశ్లేషించిన బిల్ హోమ్ దాన్ని సాల్మన్-ట్రౌట్ తల అన్నాడు. దాన్ని నేరుగా పర్యావరణ సందేశంగా చదవడం తొందరపాటు. అది ప్రధానంగా ఖాళీని నింపే రూపకల్పన సూత్రం. అయినా ఒక జంతువు కీలులో చేప తల ఉండటం వింతగా తోచని సంస్కృతి అదని గుర్తించాలి. తొలి సాల్మన్‌ను గౌరవంగా తిని ఎముకలను తిరిగి నీటికి అప్పగించే ఆచారం ఆ తీరంలో ఎన్నో జాతులకు ఉంది, నత్రజని-15ను కొలవడానికి ఎంతో ముందు నుంచే. ఇక్కడ బయటి కళాకారులు తప్పటడుగు వేసే చోటొకటుంది. ఆ రూపాల్లో చాలావాటి మీద వంశాలకు, కుటుంబాలకు హక్కులున్నాయి. అవి అలంకారానికి దొరికే నమూనాలు కావు. తమ నది పదార్థంతో తమ గీతలను వెతుక్కోవడం కష్టమైన దారే గాని, నిజాయతీ గల దారి అదే.

పదార్థాల విషయంలో నాకు బొత్తిగా మింగుడుపడనిది ఎపాక్సీ రెసిన్, అంటే ద్రవంగా పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ వంటి పదార్థం. రెండు చెక్క పలకల మధ్య నీలి రెసిన్ పోసి దాన్ని నది అనడం, అందులో చేప బొమ్మలు ముంచి అమ్మడం కొన్నేళ్లుగా విపరీతంగా పెరిగింది. పెట్రోలియం నుంచి తయారైన, కదలని, దేన్నీ తనలోకి రానివ్వని పదార్థంతో నదిని చేస్తున్నాం. చెక్కనూ నీటినీ విడదీసే గోడ అది, వాటిని కలిపేది కాదు. చూడటానికి నిగనిగలాడుతుంది, నేను కాదనను.

జపాన్‌లోని కెసెన్నుమలో 1989 నుంచి జరుగుతున్న ఒక పనిని ఎవరూ మిశ్రమ మాధ్యమ కళ అని పిలవలేదు, కానీ నాకు అది ఆ కోవలోకే వస్తుంది. ముత్యపు చిప్పల వంటి ఆయిస్టర్లను పెంచే హతకెయామ షిగెయత్సు, ఇతర జాలరులు, తమ అఖాతంలోకి వచ్చే నది ఎగువన కొండ మీద చెట్లు నాటడం మొదలుపెట్టారు; ఆకుల మట్టి నుంచి నీటిలో కలిసే ఇనుము వంటి పోషకాలు సముద్రపు సూక్ష్మ శైవలాలకు చేరతాయని వారి వాదన. చేపలను ఆకర్షించే అడవి అనే అర్థంలో ఉఒత్సుకి-రిన్ అన్న మాట జపాన్‌లో పాతదే, అలాంటి అడవులకు అక్కడి చట్టంలో రక్షణ కూడా ఉంది. నాటే రోజున జాలరులు తమ పడవల మీద, చేపలు బాగా పడినప్పుడు ఎగరేసే రంగురంగుల పెద్ద జెండాలను తెచ్చి చెట్ల మధ్య కడతారు. చేపల వేట జెండా కొండ మీద గాలికి ఎగరడాన్ని చూసినవారికి నదికి రెండు చివరలూ ఒకే చూపులో అందుతాయి.

పైన వదిలిపెట్టిన చిక్కు ఇది: పదార్థంలో ఉన్న బంధం చూసేవారికి ఎలా తెలియాలి? సమాధానం గోడ మీద ఉండే చిన్న చీటీలో ఉందని నాకు అనిపిస్తుంది. ప్రదర్శనల్లో ఆ చీటీ మీద “కాగితంపై మిశ్రమ మాధ్యమం” అని రాసి వదిలేస్తారు. సరుకులన్నీ దుకాణంలో కొన్నవైతే అది సరిపోతుంది. నది, చేప, అడవి విషయమైనప్పుడు మాత్రం అదే అన్నిటికంటే ముఖ్యమైన సమాచారాన్ని మింగేస్తుంది. దాని బదులు ఆ చీటీలో ఇలా ఉండవచ్చు: గుడ్లు పెట్టి చనిపోయిన ఆడ సాకై తోలు, ఆగస్టులో తీసినది, అదే వాగు ఎడమ గట్టు మీది విల్లో బెరడు కషాయంలో తొమ్మిది రోజులు నానినది, వరద తగ్గాక మడుగులో తీసిన ఒండ్రు, చేప జిగురు, కూలిన స్ప్రూస్ దుంగ కోత అచ్చు. చివర్లో వాగు పేరు.